ఎర్మెస్ కొట్టిన గంట

లోరిస్ గిదోని మీద తీసిన సినిమా నేను చూడలేదు, చూడను కూడా. ఇరవై నాలుగేళ్లకే రేసు కారులో పోయిన మా ఊరి కుర్రాడి కథ అది. చిన్నప్పటి ఫొటోలు, గెలిచిన కప్పులు, వెనకాల వయొలిన్లు. చూసినవాళ్లందరూ ఏడ్చారట. ఏడవనీ. అందులో నీలం టోపీ పెట్టుకున్న బక్క ముసలాయన ఒకడు రెండు ముక్కలు మాట్లాడి వెళ్లిపోతాడట. కింద పేరు కూడా వేశారట: ఎర్మెస్ బోందవల్లి, చర్చి గంటలు కొట్టే మనిషి. అంతే! ఆ మనిషి ఆ సినిమా పుణ్యమా అని నా బారులో కిటికీ పక్క బల్ల దగ్గర కూచుని ఎనిమిది నెలలు ఎలా కుమిలి చచ్చాడో ఏ కెమెరాకీ అందలేదు. చూసినదాన్ని నేను కనక నేనే చెబుతాను.

నా పేరు ఇవోన్. కాస్తెల్‌వేరోలో చర్చి కూడలికి ఎదురుగా ఉన్న బారు మాది. మా నాన్న నడిపాడు, ఇప్పుడు నేను నడుపుతున్నాను. మా ఊరి మగాళ్లకి రెండే పనులు. వారమంతా ఫౌండ్రీలో ఇంజన్లు పోతపోయడం, ఆదివారం వచ్చి నా బారులో ఇంజన్ల గురించి కొట్టుకు చావడం. ఎర్మెస్ మీసాలు రాకముందే ఫౌండ్రీలో చేరాడు. పోతపోసిన ఇంజను చల్లారాక దాని కడుపులో ఇరుక్కున్న అచ్చు ఇసుకని సుత్తితో కొట్టి రాల్చడం అతని పని. ఆ ఇసుకలో సగం నేలమీద పడింది, సగం అతని ఊపిరితిత్తుల్లోకి పోయింది. భార్య బ్రూనా పెళ్లయిన కొన్నాళ్లకే జబ్బుచేసి పోయింది. పిల్లల్లేరు. మళ్లీ చేసుకోరా అని ఎవరైనా అంటే, "నాకు ముగ్గురు పెళ్లాలున్నారు, పైన వేలాడుతున్నారు. వాళ్లతోనే వేగలేక చస్తున్నా" అనేవాడు. గోపురంలో ఉన్న మూడు గంటలన్నమాట.

గంటలు కొట్టడం తండ్రి దగ్గర నేర్చుకున్నాడు. పూజకి మాత్రం వెళ్లేవాడు కాదు. గోపురానికి పక్కసందులో వేరే తలుపుంది, అందులోంచి ఎక్కి అందులోంచే దిగేవాడు. "దేవుడికీ నాకూ ముఖపరిచయమే. ఎదురుపడితే టోపీ తీస్తాను, అంతకంటే చనువు లేదు" అని నవ్వేవాడు. ఎవరైనా పోతే పెద్దగంట ఒక్కటే, మెల్లగా. పండగైతే మూడూ కలిపి. రెండు తాళ్లు రెండు చేతులకి చుట్టుకుని, మూడో తాడు కాలికి కట్టుకుని, ఒళ్లంతా ఊగిపోతూ కొట్టేవాడు. మా ఊరి కుర్రాడు రేసులో గెలిచినా అంతే, మూడూ మోగాల్సిందే. ఈ ఇంజన్ల ఊళ్లలో అది మామూలే.

లోరిస్ తండ్రి గ్వెర్రీనో ఫౌండ్రీలో ఎర్మెస్‌కి జతగాడు. కరిగిన ఇనుము మీదపడి పోయాడు. అప్పటికి లోరిస్ ఇంకా బడికి వెళ్లే పిల్లాడు. తల్లి అర్జియా ఇంట్లోనే మాంసం కూరిన చిన్న పిండి మడతలు, తోర్తెల్లీనీలు, చుట్టి, మాంసం పులుసుతో పాటు వాటిని పెళ్లిళ్లకి అమ్మి వాణ్ని పెంచింది. వాడికేమో నడక రాకముందే స్టీరింగ్ పిచ్చి. ఫౌండ్రీలో పనికిరావని పారేసిన ముక్కలు ఏరుకొచ్చి వాడి మొదటి కార్టుకి, అదే పిల్లల రేసు బండికి, చక్రాలు బిగించింది ఎర్మెసే.

అది చూసి అర్జియా ఒంటికాలిమీద లేచింది. "వాళ్ల నాన్నని ఇనుము మింగింది చాల్లేదా? వీణ్ని కూడా దానికి అప్పజెబుతున్నావా, బుద్ధిలేనివాడా?"

"నేను బిగించకపోతే వాడే బిగించుకుంటాడు అర్జియా. వాడు బిగిస్తే ఊడిపోతాయి," అన్నాడు ఎర్మెస్.

ఆమె తిట్టింది, ఏడ్చింది, చివరికి ఆ కార్టు సీటుకి మెత్త కూడా తనే కుట్టింది. ఏం చేస్తుంది మరి, కన్నతల్లి.

లోరిస్ పెద్ద రేసుల్లోకి వెళ్లాక ఇద్దరికీ మధ్య ఒక ఒప్పందం కుదిరింది. మా బారులోనే, నా కళ్ల ముందే.

"నేను రేడియో పెట్టను," అంది అర్జియా. "ఆ అరిచేవాడి గొంతు వింటేనే నా ప్రాణం పోతుంది. నువ్వు విను. గెలిస్తే మూడూ కొట్టు. గెలవకపోతే నా కిటికీ కిందకొచ్చి టోపీ ఊపు."

"టోపీ ఊపితే ఏమిటని?"

"క్షేమంగా ఉన్నాడని. గెలుపూ ఓటమీ ఎవడిక్కావాలి నీ మొహం! గంట మోగినా వాడు బతికున్నట్టే, టోపీ ఊగినా బతికున్నట్టే. ఏ కబురైనా నీ చేతిమీదుగానే రావాలి, ఇంకెవడి నోటా నేను వినను."

అప్పట్నుంచీ రేసున్న ప్రతి ఆదివారం ఎర్మెస్ చిన్న బ్యాటరీ రేడియో చంకలో పెట్టుకుని గోపురం ఎక్కి కూచునేవాడు. అర్జియా కిటికీ తెరిచి పెట్టుకుని పిండి మడతలు పరుస్తూ ఉండేది. గంటలు మోగితే ఆ చేతులు ఎప్రన్‌కి తుడుచుకుని కిటికీలోంచి పైకి ఒక ముద్దు విసిరేది. ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు.

ఆ జూన్ ఆదివారం రేసు కొండల అవతల జరిగింది. టీవీలో చూపించేంత పెద్దది కాదు, మోదెనా రేడియోవాళ్లు మాత్రం చెబుతున్నారు. లోరిస్‌కి అదే చిన్న కార్లలో ఆఖరి ఏడాది. పెద్ద కార్లలోకి తీసుకుంటామని పెద్ద జట్టువాళ్లు సంతకాలు కూడా చేయించుకున్నారు. బారంతా కిటకిటలాడుతోంది. రేసు ఆఖర్లో ఉండగా, దూరపు మలుపు దగ్గర ఏదో గుద్దుకున్నాయని, ఎర్రజెండా ఊపి కార్లన్నీ ఆపేశారని రేడియోవాడు చెప్పాడు. ఎవరెవరో అతనికీ కనపడటం లేదు. కూడలి అవతల కిటికీలో అర్జియా నిలబడి గోపురంవైపు చూస్తోంది. ఎప్పుడూ మోగే వేళకి గంట మోగలేదు మరి.

అప్పుడు రేడియోవాడు అరిచాడు. రేసు మళ్లీ మొదలుపెట్టడం లేదు, విజేత లోరిస్ గిదోని!

రేసుల్లో ఒక నియమం ఉంది. ఆఖర్లో ఆపేయాల్సి వస్తే, అంతకు ముందు చుట్టులో ఎవరు ముందుంటే వాళ్లనే విజేత అంటారు. ఆపేసిన చుట్టులో వాళ్లకేమైందన్నది ఆ లెక్కలోకి రాదు. ఇది మా అందరికీ తెలిసిందే, చిన్నపిల్లల్ని అడిగినా చెబుతారు. కానీ గెలిచాడన్నవాడు చచ్చిపడి ఉంటాడని ఎవడికి తడుతుంది! ఎర్మెస్‌కీ తట్టలేదు. విజేత అన్న మాట చెవిన పడగానే రేడియోని పక్కన పడేసి తాళ్లు అందుకున్నాడు.

మూడు గంటలూ ఒక్కసారిగా మోగాయి. మా బారు గోడలు అదిరాయి. రేడియోవాడు ఇంకా ఏదో చెబుతూనే ఉన్నాడు, ఎవరికీ ఒక్క ముక్క వినపడలేదు. మా నాన్న రేడియోకి చెవి ఆనించి చూసి, "పోనీలేరా, గెలిచాడు చాలదూ!" అని పీపా తెరిచాడు. జనమంతా కూడలిలో పడ్డారు. అర్జియా పిండి చేతులతోనే పరుగెత్తుకొచ్చింది. అంతవరకూ ఆమె గడప దాటి గెలుపు పండగ చేసుకుంది లేదు. ఆ రోజు ఎంత భయపడి ఉందో మరి, ఆ భయమంతా వదిలేసరికి పిచ్చిదానిలా అయిపోయింది. మా అమ్మ నడుం పట్టుకుని తిరిగింది, తాపీమేస్త్రీతో తిరిగింది, నన్ను కూడా లాగి తిప్పింది. నా నల్ల గౌను మీద ఆమె పిండి చేతుల అచ్చులు పడ్డాయి. పైనుంచి ఎర్మెస్ చూస్తున్నాడు. కింద వాళ్లు ఎంత తిరిగితే పైన అతను అంత బలంగా కొట్టాడు. ఆ రేడియో అతని కాళ్ల దగ్గరే పడి జరిగిందంతా చెబుతూనే ఉంది.

పోలీసు స్టేషన్ నుంచి పెద్దాఫీసరు వచ్చాడు, టోపీ చేత్తో పట్టుకుని. అర్జియా భుజం తట్టాడు. ఏదో అన్నాడు. గంటల మోతలో ఆమెకి వినపడలేదు. నవ్వుతూ చెవి దగ్గరికి పెట్టింది. ఆయన మళ్లీ అన్నాడు, మళ్లీ వినపడలేదు. ఆఖరికి ఆ పెద్దమనిషి ఒక తల్లి చెవిలో కొడుకు చావు కేకపెట్టి చెప్పాల్సి వచ్చింది. అర్జియా ఉన్నచోటే నేలమీద కూలబడింది. పైనుంచి చూసి ఎర్మెస్, సంతోషం పట్టలేక పడిపోయిందనుకున్నాడు. మా నాన్న మెట్లెక్కి వెళ్లి తాళ్లు లాక్కునేదాకా కొడుతూనే ఉన్నాడు.

లోరిస్ శవం ఊళ్లోకి వచ్చినప్పుడు పెద్దగంట కొట్టిందీ అతనే. ఇంకెవరున్నారు? సమాధి కార్యక్రమం అయిన మర్నాడు టోపీ చేత్తో పట్టుకుని అర్జియా గుమ్మం ముందు నిలబడ్డాడు. ఆమె తలుపు తీసింది. అతని మొహం చూసింది. ఒక్క మాట అనకుండా తలుపు మూసేసింది. అంతే, ఆ తర్వాత ముప్ఫై అయిదేళ్లు వాళ్లిద్దరి మధ్య మాటల్లేవు.

మా ఊరి జనం సంగతి చెప్పక్కర్లేదు. "ఏరా ఎర్మెస్, ఇవాళ ఎవణ్ని బతికిస్తావు?" అని వెక్కిరించేవాళ్లు, తాగితే మరీను. అతను నవ్వేవాడు కాదు, తిట్టేవాడూ కాదు. పండగ గంట మళ్లీ ముట్టుకోలేదు. పెళ్లిళ్లకీ ఈస్టరుకీ పక్క ఊరి మనిషిని పిలిపించుకునేవాళ్లు, తర్వాత్తర్వాత కరెంటు మోటారు పెట్టించారు. చావులకి మాత్రం అతనే ఎక్కి కొట్టేవాడు. ఇంటి నుంచి బారుకి రావాలన్నా, బారు నుంచి ఇంటికి పోవాలన్నా కూడలికి అడ్డంగా వస్తే సరిపోతుంది. అలా వస్తే అర్జియా కిటికీ కిందనుంచి రావాలి. అందుకని వెనక సందు మలుపు తిరిగి, చర్చి చుట్టూ తిరిగి వచ్చేవాడు. వానొచ్చినా అంతే, మంచు పడినా అంతే.

ఆ సినిమావాళ్లు ఒక చలికాలం దిగారు. దర్శకురాలు కోస్తాన్సా అని రోము అమ్మాయి. మంచి పిల్లే, మర్యాద తెలిసిన పిల్లే, అదే నాకింకా మంట. గోపురం కింద ఎర్మెస్‌ని కూచోబెట్టి అడిగింది. అతను దాచుకోకుండా అంతా చెప్పాడు.

"ఒక్కసారి పైకెక్కి ఆ రోజు కొట్టినట్టు కొట్టి చూపిస్తారా?" అని అడిగింది.

"కొడితే జనం బయటికొస్తారు సిన్యోరీనా. ఏమైందని అడుగుతారు. నేనేం చెప్పను?" అన్నాడు ఎర్మెస్. ఆ పిల్ల మళ్లీ అడగలేదు.

మర్నాడు వాళ్లు దీపాలూ వైర్లూ మోసుకుని అర్జియా ఇంట్లోకి వెళ్లారు. ముప్ఫై అయిదేళ్లలో ఏ విలేకరినీ గడప తొక్కనివ్వని మనిషి! తలుపులు మూసుకుని మధ్యాహ్నమంతా లోపలే ఉన్నారు. ఎర్మెస్ నా బారు కిటికీ దగ్గర నిలబడి ఆ తలుపునే చూస్తున్నాడు. చేతిలో కాఫీ అలాగే ఉంది. వాళ్లు బయటికొచ్చేసరికి కోస్తాన్సా కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఎర్మెస్ ఎదురెళ్లి అడిగాడు.

"నా గురించి ఏమైనా అందా, సిన్యోరీనా?"

ఆ పిల్ల అతని చెయ్యి రెండు చేతులతో పట్టుకుంది. "అన్నారు. కానీ ఇప్పుడు చెప్పను. సినిమాలో మీరే వింటారు. ఓపిక పట్టండి," అంది.

ఓపికట! ఆ రోజు మొదలు మనిషికి కంటిమీద కునుకు లేదు. రోజూ తలుపు తీయకముందే వచ్చి నిలబడేవాడు. కిటికీ పక్క బల్ల దగ్గర కూచుని ఎదురింటి తలుపుకేసి చూస్తూ, "ఏమని ఉంటుంది ఇవోన్?" అనేవాడు. ఒకరోజు, "వీడే నా కొడుకుని చంపాడని ఉంటుంది" అనేవాడు. నేను కసిరేదాన్ని. ఇంకోరోజు, "తిట్టినా ఫరవాలేదు. నోరారా తిడితే చాలు, ఏదో ఒకటి తెలుస్తుంది కదా" అనేవాడు. దగ్గు ముంచుకొచ్చేది, మాట ఆగేది, దగ్గు తెరిపివ్వగానే మళ్లీ అక్కడే మొదలు.

వసంతంలో వాళ్ల కెమెరా మనిషి ఏవో పొలాలు తీసుకోవడానికి ఒక్కడే వచ్చాడు. నేను కావాలనే వాడి గ్లాసు నిండా లాంబ్రుస్కో వైను పోస్తూ పోయాను. ఎర్మెస్ వాడి పక్కన చేరి బతిమాలాడు. వాడు గ్లాసు తిప్పుతూ, "నేను చెబితే నా ఉద్యోగం ఊడుతుంది తాతా. ఒక్కటి చెబుతా, కొడుకు గురించి కంటే గంట గురించే ఎక్కువ మాట్లాడింది ఆవిడ," అన్నాడు. ఆ తర్వాత ఎంత పోసినా నోరు విప్పలేదు. అసలు చెప్పకపోయినా బాగుండేది. గంట గురించే మాట్లాడిందంటే ఇంకేం మిగిలింది అని ఎర్మెస్ తిండి మానేశాడు.

నాకు ఒళ్లు మండి రోముకి ఫోన్ చేశాను. "అమ్మాయీ, ముసలాయన చచ్చేలా ఉన్నాడు. ఆమె ఏమందో ఆ ముక్క చెప్పేస్తే మీ సొమ్మేం పోతుంది?" అన్నాను.

"అది సినిమాకి ప్రాణం సిన్యోరా," అంది కోస్తాన్సా మెత్తగా. "మీ ఊళ్లోనే మొదటి ఆట వేస్తాం. ఆయన ఆ మాట వినేటప్పుడు ఆయన మొహం మాకు కెమెరాలో కావాలి. ముందే తెలిసిపోతే ఆ మొహం రాదు. నన్ను నమ్మండి, అక్టోబరు దాకా ఆగండి."

మొహం కావాలట మొహం! ఫోను పెట్టేశాక చేతిలో గ్లాసు పగలగొట్టాను.

ఇక లాభం లేదని తోర్తెల్లీనీలు కావాలన్న వంకతో అర్జియా ఇంటికి వెళ్లాను. ఎనభై దాటినా బల్ల ముందు నిలబడి పిండి పరుస్తూనే ఉంది. "అర్జియా, ఎర్మెస్..." అన్నానో లేదో, ఆమె మొహం ఎర్రబడిపోయింది.

"చెప్పాల్సింది చెప్పాను కదా! ఇంకా ఏం కావాలి మీకందరికీ? నన్నింకా ఎంత చిన్నబుచ్చుతారు?" అంది. కళ్లలో నీళ్లు. నన్ను గుమ్మం దాకా తోసి తలుపేసుకుంది.

వచ్చి ఉన్నదున్నట్టు ఎర్మెస్‌తో చెప్పాను.

"నువ్వే వెళ్లు," అన్నాను. "వెళ్లి తలుపు కొట్టు. మహా అయితే ఏం చేస్తుంది, మొహాన తలుపేస్తుంది. నీకిది కొత్తా?"

"ఒకసారి వేసింది, ఆ చప్పుడు ఇన్నేళ్లూ విన్నాను. మళ్లీ వేస్తే ఆ చప్పుడుతోనే చావాలి నేను. ఇంక ఇన్నేళ్లు లేవుగా మర్చిపోడానికి," అన్నాడు. "సినిమాలోనే వింటాలే. నలుగురిలో అయితే ఏడుపొచ్చినా దగ్గని చెప్పుకోవచ్చు."

వేసవి అయ్యేసరికి ముక్కుకి గొట్టాలు, పక్కన ఆక్సిజన్ సిలిండరు. దాన్ని చక్రాల బండి మీద లాక్కుంటూ అదే వెనక సందు, అదే మలుపు, చర్చి చుట్టూ తిరిగి వచ్చేవాడు. నేను నెత్తీ నోరూ బాదుకున్నా కూడలికి అడ్డంగా రాలేదు. అక్టోబరులో సినిమా తేదీ గోడమీద అంటించారు. ఎర్మెస్ మంగలి దగ్గరికి వెళ్లి జుట్టు కత్తిరించుకున్నాడు. తెల్ల చొక్కా ఇస్త్రీ చేసిపెట్టమని నాకిచ్చాడు. "నన్ను వెనక వరసలో కూచోబెట్టు. ముందు కూచుంటే ఆమె నన్ను చూసి లేచిపోతుంది, సినిమా పాడవుతుంది," అన్నాడు. ఆ చొక్కాతోనే పెట్టెలో పెట్టాం. సినిమాకి ఇంకా పదిరోజులుండగా పోయాడు. ముందురోజు సాయంత్రం పులుసు తీసుకెళ్తే ఒక్క చెంచా తాగి, ఊపిరి అందక ఆగి ఆగి, "ఏమని... ఉంటుంది... ఇవోన్?" అన్నాడు. అయ్యో దేవుడా, అప్పుడైనా ఏదో ఒకటి అల్లి చెప్పొచ్చు కదా నేను? నోరు రాలేదు. ఒకసారి అబద్ధపు కబురు మోగించినందుకే ఆ మనిషి బతుకంతా అలా అయింది.

ఊళ్లో అందరి చావుకీ పెద్దగంట కొట్టినవాడికి కొట్టడానికి మనిషి లేడు. చర్చి ఫాదర్ దోన్ ఫౌస్తో కరెంటు మీట నొక్కాడు. అది దాని పాటికది మోగింది.

సమాధి దగ్గర్నుంచి అందరూ నా బారుకే వచ్చారు. కోస్తాన్సా కూడా వచ్చింది, వెంట కెమెరా మనిషి. గుమ్మంలోనే ఆపాను. "దాన్ని బయట పెట్టి రా. లోపలికి తెస్తే నా చేతిలో పగులుతుంది," అన్నాను. ఆ పిల్ల ఏడుస్తూ కెమెరా బయట పెట్టించింది. "ఇలా అవుతుందనుకోలేదు సిన్యోరా, పది రోజులే కదా అనుకున్నాను," అంటోంది. నేను గ్లాసులు తుడుచుకుంటూ ఉండిపోయాను. ఏమైనా అంటే ఆగనని నాకు తెలుసు.

అప్పుడే తలుపు తోసుకుని అర్జియా వచ్చింది. కొడుకు పోయాక ఆమె నా గుమ్మం తొక్కడం అదే మొదటిసారి. నల్ల కోటు, చేతికర్ర. ఎవరి వంకా చూడకుండా తిన్నగా కోస్తాన్సా ముందు నిలబడింది.

"అమ్మాయీ, వాడికి చెప్పావా?"

కోస్తాన్సా తల వంచుకుంది. "సినిమాలో ఆయనే..."

"ఏ సినిమా? వాడికి చెప్పమనే కదా నీకు చెప్పింది!" అర్జియా గొంతు పైకి లేచింది. "ఈ ఊళ్లో ఒకరి చెవిన వేస్తే చీకటి పడేలోగా అందరికీ తెలుస్తుంది. నీ చెవినా అందుకే వేశాను. నా నోటితో నేనే వెళ్లి చెప్పుకోలేక. నా బిడ్డ అక్కడ గడ్డిమీద పడి ఉంటే నేను ఇక్కడ చిందులేశాను. పైనుంచి మొత్తం చూసింది వాడొక్కడే. మర్నాడు వాడు గుమ్మంలోకొస్తే ఆ కళ్లలోకి చూడలేకపోయాను, సిగ్గుతో చచ్చిపోయి తలుపేసుకున్నాను. కోపమని మీరంతా అనుకున్నారు, అనుకోనిచ్చాను. వాడి మీద నాకెప్పుడూ కోపం లేదు. వాడికిది చెప్పి, ఒకసారి కాఫీకి రమ్మన్నానని చెప్పమన్నాను నీకు. చెప్పావా, లేదా?"

దోన్ ఫౌస్తో మెత్తని మనిషి, పరాయివాళ్ల బాధ చూడలేడు. గబగబా ముందుకొచ్చి అర్జియా చెయ్యి పట్టుకున్నాడు.

"తెలుసు తల్లీ, ఆయనకి తెలుసు. శాంతిగానే పోయాడు," అన్నాడు.

అర్జియా ఆయన మొహంలోకి చూసింది.

"తెలుసా?" అంది. "తెలిసి కూడా రాలేదా?"

ఫాదర్ ఆమె చెయ్యి వదిలేశాడు. ఇక నా వల్ల కాలేదు. "అబద్ధం అర్జియా," అని అరిచాను. "ఈయన మంచికి చెబుతున్నాడు కానీ అంతా అబద్ధం. ఎర్మెస్‌కి తెలీదు. చచ్చేదాకా తెలీదు. రోజూ ఈ బల్ల దగ్గరే కూచుని మీరేమన్నారో, ఏమన్నారో అని కొట్టుకున్నాడు. మీ తలుపు తట్టడానికి భయపడ్డాడు."

ఆమె మెల్లగా అతని కుర్చీలోనే కూచుంది. ఎదురుగా కిటికీ, కిటికీలోంచి తన ఇల్లే కనిపిస్తోంది. చాలాసేపు చూసింది. కళ్లలో ఒక్క చుక్క నీరు లేదు.

"ఈ పిల్లకి చెప్పినప్పట్నుంచీ రోజూ సాయంత్రం రెండు కప్పులు కాఫీ పెట్టేదాన్ని ఇవోన్," అంది ఆఖరికి. "వాడు నీ బారులోంచి లేచి ఆ సిలిండరు లాక్కుంటూ సందు మలుపు తిరిగిపోయేవాడు. కిటికీలోంచి చూసి, వీడింకా నన్ను క్షమించలేదు కాబోలనుకుని, వాడి కప్పు కూడా నేనే తాగేదాన్ని."